నల్లగొండలో చేతికుట్టు తోలు పని: బెల్టు ధర సరైనదే, బ్యాగు ధర పెరగాలి

నల్లగొండ ప్రకాశం బజారు పక్కన ఒక గల్లీలో, బోర్డు కూడా లేని చిన్న దుకాణంలో, ఒక చర్మకారుడు బెల్టులు, పర్సులు, ఆఫీసు బ్యాగులు చేత్తో కుట్టి అమ్ముతున్నారు. ఆయన దగ్గర నేను కిందటేడు ఒక బెల్టు, ఈ ఏడాది ఒక బ్యాగు చేయించుకున్నాను. పనితనంలో రెండూ మెచ్చుకోదగినవే. అయితే బెల్టుకు ఆయన తీసుకున్న ధర న్యాయంగా ఉంది, బ్యాగుకు తీసుకున్నది మరీ తక్కువ. కొన్నవాడికి లాభమే కదా అని ఊరుకోవచ్చు గానీ, ఇటువంటి పని మన ఊళ్లో ఇంకా కొన్నేళ్లు దొరకాలని కోరుకునే వాళ్లు ఆ తక్కువ ధర గురించే ముందుగా మాట్లాడుకోవాలి.

బెల్టుకు వాడింది చెట్ల బెరడుతో పదును చేసిన, అంటే కుళ్లకుండా శుద్ధి చేసిన, బర్రెతోలు. ఒకప్పుడు మన ఊళ్లలోనే లందల్లో, అంటే తోళ్లు నానబెట్టే తొట్లలో, తంగేడు చెక్క, కరక్కాయలు వేసి తోళ్లు పదును చేసేవారు; ఇప్పుడు ఆయన చెన్నైలోని పెరియమేట్ నుంచి చదరపు అడుగుల లెక్కన తెప్పించుకుంటున్నారు. అంచులను రంపె అనే తోలుకత్తితో చెక్కి, తడిపి, మైనం పట్టించి, నున్నటి కర్రతో మెరుపు వచ్చేదాకా రుద్దారు. బకిల్ దగ్గర మడత పెట్టిన చోట అంగుళానికి ఏడు కుట్లు ఉన్నాయి. ఆరె అనే మొనదేలిన పనిముట్టుతో ఒక్కొక్క రంధ్రం ఏటవాలుగా పొడిచి, ఒకే దారం రెండు కొసలకూ రెండు సూదులు కట్టి, ప్రతి రంధ్రంలోనూ రెండు వైపుల నుంచీ దూర్చి బిగిస్తారు. మిషను కుట్టులో పైదారం, కిందిదారం ఒకదాన్నొకటి పట్టుకుని నిలుస్తాయి కనుక ఒకచోట తెగితే వరుసగా ఊడిపోయే ప్రమాదం ఉంది. ఈ చేతికుట్టులో ఒకచోట తెగినా పక్క కుట్టు వదలదు. ఏడాదిగా రోజూ వాడుతున్న బెల్టులో ఇప్పటిదాకా ఒక్క దారం కదలలేదు, రంగు మాత్రం ముదిరి మరింత అందంగా తయారైంది.

బెల్టుకు రూ.950 తీసుకున్నారు. అడిగితే దాచకుండా లెక్క చెప్పారు. అంగుళంన్నర వెడల్పు, నాలుగడుగుల పొడవు ఉన్న పట్టీకి నిజానికి అరచదరపు అడుగు తోలు చాలు. కానీ పొట్ట వైపు తోలు సాగుతుంది, బెల్టును వీపు భాగం నుంచే తీయాలి, మిగిలిన ముక్కలన్నీ పనికిరావు. అందుకే ఆయన ఒక అడుగు పూర్తిగా లెక్కగట్టి రూ.180 వేశారు. ఇత్తడి బకిల్‌కు రూ.140, దారం, మైనం, రంగులకు రూ.40, మూడు గంటల పనికి గంటకు రూ.150 చొప్పున రూ.450. మిగిలిన రూ.140 కిరాయికి, కరెంటుకు, పనిముట్లకు, అప్పుడప్పుడు చెడిపోయే ముక్కకు. ఈ లెక్కన ఎనిమిది గంటలకు రూ.1,200 పడుతుంది. అనుభవమున్న తాపీమేస్త్రీకి ఇవ్వడానికి వెనుకాడని మనం చర్మకారుడి దగ్గర ఎందుకు బేరమాడతామో నాకు అర్థం కాదు.

బ్యాగు దగ్గరికి వచ్చేసరికి ఇదే మనిషి తన లెక్కను తానే పక్కన పెట్టారు. తొమ్మిది అడుగుల తోలు రూ.1,620, జిప్పు, లోపలి గుడ్డ, రింగులు రూ.600, అంటే సామానుకే రూ.2,220 అయింది. నా దగ్గర తీసుకున్నది రూ.4,200. కోత, కుట్టు, అంచులు కలిపి ఇరవై గంటల పని అని ఆయనే చెప్పారు. మిగిలిన రూ.1,980ని ఇరవై గంటలకు పంచితే గంటకు వంద రూపాయలు కూడా రాలేదు, పైగా అందులోంచే కిరాయి కట్టాలి. బెల్టు లెక్కనే బ్యాగుకూ వర్తింపజేస్తే ధర రూ.6,000 దాకా ఉండాలి. ఆ మాటే అంటే, "ఆరు వేలంటే నల్లగొండల ఎవరు కొంటరు సార్? ముందుగాల పేరు రానియ్యుండ్రి" అన్నారు.

ఆయన భయం అర్థమవుతుంది, కానీ ఆ దారి సరైనది కాదని నా అభిప్రాయం. మొదట కొన్నవాళ్లు పనితనంతో పాటు ధరను కూడా పదిమందికి చెబుతారు. నాలుగు వేలకు కుట్టిస్తాడని ఒకసారి పేరు పడితే, ఆ తర్వాత ఆరు వేలు అడిగినప్పుడు మనిషి మారిపోయాడంటారే తప్ప పని విలువ పెరిగిందనరు. కొత్తలో ధర తగ్గించక తప్పదనుకుంటే, బిల్లు మీద అసలు ధర రూ.6,000 అని రాసి, తగ్గించిన మొత్తాన్ని దాని కింద విడిగా చూపడం మేలు. అప్పుడు తగ్గింపు తగ్గింపుగానే గుర్తుంటుంది.

ఆయనకు పేరు నిజానికి మరోచోట వస్తోంది. తాను కుట్టిన వస్తువులో కుట్టు ఊడితే ఎప్పుడు తెచ్చినా డబ్బు తీసుకోకుండా కుట్టి ఇస్తారు. కొనడానికి వచ్చినవాళ్లకు తోలు వెనుకవైపు పీచు, కోసిన అంచు చూపించి, "జెన్యూన్ లెదర్" అని ముద్ర ఉన్న వస్తువుల్లో చాలావాటికి చీల్చిన పలుచని తోలు మీద ప్లాస్టిక్ పూత ఉంటుందని, తోలు పొడిని జిగురుతో అతికించిన రకం కొన్నాళ్లకే పొరలుగా లేస్తుందని ఓపికగా వివరిస్తారు. ఈ రెండూ ఉన్న మనిషి ధర తగ్గించి నమ్మకం కొనుక్కోవలసిన పని లేదు. లోపించిందల్లా వస్తువు మీద ఆయన గుర్తు. బ్యాగు చూసి ఎక్కడిదని నన్ను అడిగినవాళ్లకు నేను దారి చెప్పవలసి వస్తోంది. లోపలివైపు పేరు, ఊరు అచ్చు వేస్తే ఆ పని బ్యాగే చేస్తుంది.

పూర్తి తోలు ఒకేసారి కొంటే అడుగుకు కొంత కలిసి వస్తుందట, పెట్టుబడి లేక ముక్కలుగా కొంటున్నారు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో చర్మకారులదీ ఒకటి, పనిముట్లకు రూ.15,000, మొదటి విడతగా 5 శాతం వడ్డీకి లక్ష రూపాయల వరకు అప్పు ఇస్తారు. ఆయన దరఖాస్తు చేసుకుంటే మంచిది.

లోపాలు లేకపోలేదు. బ్యాగు చెప్పిన గడువు దాటి వచ్చింది, ఫోను చేస్తే గానీ ఆ సంగతి తెలియలేదు. పట్టీ రింగుల మీది పూత అప్పుడే వెలుస్తోంది. బెల్టుకు వాడినట్టే ఇత్తడివి అడిగి వేయించుకోండి, కొంచెం ఎక్కువైనా ఇవ్వండి. పెళ్లిళ్ల కాలంలో పాత చెప్పుల మరమ్మతులతోనే తీరిక ఉండదు కనుక నెల ముందే చెప్పుకోవాలి. పాత బెల్టుది మంచి బకిల్ ఉంటే వెంట తీసుకెళ్లండి, దాని ధర తగ్గించి కుట్టి ఇస్తారు.