పద్దెనిమిది నిండాక: పట్నంలో ఉమ్మడి గదా, పల్లెలో బంధువుల ఇల్లా?

బాలల సంరక్షణ గృహంలో పెరిగినవారు 18 ఏళ్లు నిండగానే ఆ చోటు విడవాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్ అటుపైన ఆర్థిక సాయానికి వీలు కల్పించింది. పిల్లల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకంలో ఆ సాయం నెలకు 4,000 రూపాయలు, సాధారణంగా 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు.

విజయనగరంలో నలుగురు కలిసి అద్దెకుంటే ఐటీఐ చదువు ఆగదు, పైడిభీమవరం మందుల కంపెనీల్లో షిఫ్టు పనికీ బస్సు దొరుకుతుంది. చిక్కంతా చిన్న విషయాల్లోనే ఉంటుంది. గంట కొడితే భోజనానికి కూర్చున్న పిల్లవాడికి గ్యాస్ బండ ఎన్నాళ్లు వస్తుందో తెలియదు. రేకుపెట్టె అడుగున పాస్‌బుక్ ఉంటుంది గాని, డబ్బు తీసే ఫారం నింపడం ఎవరూ నేర్పి ఉండరు. వారానికోసారి వచ్చి చూసే పెద్దదిక్కు లేకపోతే ఈ ఏర్పాటు నిలవదు.

పలాస వైపు మేనమామ ఇంటికి చేరితే తిండికి లోటుండదు, జ్వరమొస్తే పలకరించే మనిషీ ఉంటాడు. అయితే జీడిపిక్కల పనిలో కూలి దొరికిన నెలకే చదువు అటకెక్కుతుంది. ఆడపిల్లయితే, అడగకుండానే సంబంధాలు మొదలవుతాయి. సాయం సొమ్మును ఇంటి ఖర్చుగా లెక్కగట్టడమూ మామూలే.

చదువు మధ్యలో ఉన్నవారికి నేను పట్నాన్నే సూచిస్తాను, సంక్రాంతికి మేనమామ ఇంటికి వెళ్లిరమ్మని మాత్రం చెబుతాను. ఎక్కడున్నా బ్యాంకు ఖాతా ఆ పిల్లల పేరనే ఉండాలి, ఏటీఎం కార్డు వాళ్ల దగ్గరే ఉండాలి.