పాత ల్యాప్‌టాప్, ఆర్డోర్, ఒక మైకు: వాడి చూశాక నా అభిప్రాయం

నేను కీబోర్డు వాయిస్తూ పాడతాను. రికార్డింగ్‌కీ, స్టేజీకీ ఒకటే పాత ల్యాప్‌టాప్. అందులో లినక్స్, దాని మీద ఆర్డోర్. ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేదని పాటలు రికార్డు చేయడం వాయిదా వేస్తున్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నా.

ఆర్డోర్ పాల్ డేవిస్ మొదలుపెట్టిన మల్టీట్రాక్ (గొంతు, వాద్యాలు వేర్వేరు వరసల్లో పట్టే) రికార్డింగ్ ప్రోగ్రామ్, ఓపెన్ సోర్స్. చాలా లినక్స్ డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) ఉచితంగానే ఇన్‌స్టాల్ అవుతుంది. వాళ్ల సైటులో దొరికే రెడీమేడ్ కాపీకి మాత్రం డబ్బు కట్టాలి. కుదిరినవాళ్లు కట్టండి, అది డెవలపర్లకే వెళ్తుంది.

పాడేవాళ్లకి అసలు పరీక్ష లేటెన్సీ, అంటే శబ్దం లోపలికి వెళ్లి తిరిగి వినిపించడానికి పట్టే ఆలస్యం. 48,000 హెర్ట్జ్ దగ్గర (సెకనుకి శబ్దాన్ని 48,000 సార్లు కొలిచే సెట్టింగు) బఫర్, అంటే ఒక్క విడతలో పంపే కొలతల సంఖ్య, 1024 పెడితే ఒక్క బఫర్‌కే 21 మిల్లీసెకన్లు. మైకులోంచి వెళ్లి హెడ్‌ఫోన్‌లోకి వచ్చేసరికి ఆలస్యం ఇంకా పెరుగుతుంది. మన గొంతే మన వెనకాల పాడుతున్నట్టు వినిపించి, తెలియకుండానే తాళం జారిపోతుంది. అదే 128కి దించితే బఫర్‌కి 3 మిల్లీసెకన్ల లోపే. కీ నొక్కగానే స్వరం వేలి కిందే పలుకుతుంది. 64 పెడితే నా మెషీన్‌లో రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు వినిపించే ఎఫెక్ట్) వేయగానే టిక్కు టిక్కుమని శబ్దం తెగిపోయేది, అందుకే 128 దగ్గరే ఉండిపోయాను. డీఎస్పీ లోడు (శబ్దం పని ప్రాసెసర్‌కి ఎంత బరువవుతోందో), ఎక్స్‌రన్ల (శబ్దం తెగిపోయిన సార్ల) లెక్క ఆర్డోర్ విండో పైన కనిపిస్తూనే ఉంటాయి. పాట ఎత్తుకునే ముందు నా కళ్లు వాటి మీదే. సీపీయూ గవర్నర్‌ని (ప్రాసెసర్ వేగాన్ని నియంత్రించే సెట్టింగుని) పెర్ఫార్మెన్స్‌కి మార్చి, వైఫై ఆపేస్తే సగం టెన్షన్ పోతుంది.

ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె) చిన్నదైనా పర్లేదు, యూఎస్‌బీ క్లాస్ కంప్లయంట్, అంటే అన్ని సిస్టమ్‌లకీ తెలిసిన ప్రామాణిక పద్ధతిలో పనిచేసేది అయితే చాలు. డ్రైవర్ గొడవ ఉండదు.

నాకు బాగా నచ్చింది జాక్ అనే ఆడియో సర్వర్ పద్ధతి. జాక్‌తో పనిచేసే ఏ ప్రోగ్రామ్ శబ్దాన్నైనా అలాంటి ఇంకో ప్రోగ్రామ్‌లోకి కేబుల్ గుచ్చినట్టు కలిపేయొచ్చు. హైడ్రోజన్‌లో డ్రమ్స్, యోషిమిలో సింథ్, రెండూ ఆర్డోర్‌లో వేర్వేరు ట్రాకుల్లోకి వస్తాయి. లైవ్‌లో మైకుని సూపర్‌లూపర్‌కి (పాడింది పట్టి మళ్లీ మళ్లీ వినిపించే ప్రోగ్రామ్‌కి) కలిపి, మిడీ (వాద్యాలు, కంప్యూటర్ స్వరాల సమాచారం పంపుకునే పద్ధతి) పెడల్ తొక్కి నా గొంతు మీదే ఇంకో రెండు గొంతులు పేరుస్తాను. ఒంటరిగా పాడేవాళ్లకి ఇంతకంటే ఆనందం ఏముంటుంది! ఇప్పుడు పైప్‌వైర్ (జాక్ పని కూడా చేసే లినక్స్ ఆడియో వ్యవస్థ) వచ్చాక జాక్ సర్వర్‌ని విడిగా నడపాల్సిన పని కూడా తప్పింది.

లోపాలూ ఉన్నాయి. మిడీ ఎడిటింగ్‌లో విసుగొస్తుంది. విండోస్‌కే పరిమితమైన ప్లగిన్‌లు (ఎఫెక్టులు, వాద్యాల కోసం తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లు) నేరుగా నడవవు. విండోస్‌వాటిని లినక్స్‌లో నడిపే వైన్, యాబ్రిడ్జ్‌లతో కొన్ని నడిచినా స్టేజీ మీద వాటిని నమ్ముకోను. బస్, సెండ్ లాంటివి (ట్రాకుల శబ్దాన్ని కలిపే, దారి మళ్లించే మిక్సర్ మార్గాలు) తెలియనివాళ్లకి మొదట్లో స్క్రీన్ చూస్తేనే బెదురు పుడుతుంది.

పాట మొత్తం మిడీతోనే కట్టేవాళ్లయితే ముందు ఎల్ఎమ్ఎమ్ఎస్ అనే ప్రోగ్రామ్ చూడండి. గొంతు, గిటారు మైకుతో పట్టి మిక్స్ చేసేవాళ్లు నేరుగా ఆర్డోర్‌కే రండి. షో దగ్గర పడ్డాక మాత్రం సిస్టమ్ అప్‌డేట్ల జోలికి వెళ్లకండి.