ఒంగోలు శివారులో జాగిలాల శిక్షణ కేంద్రం: రెండు నెలల తరువాత

మా లాబ్రడార్‌ను ఒంగోలు శివారులోని ఒక శిక్షణ కేంద్రంలో రెండు నెలల పాటు చేర్పించాము. వారానికి మూడు రోజులు తరగతి, నెలకు రూ.4,000 రుసుము. సైన్యం, పోలీసు, విపత్తు రక్షణ శిక్షణలన్నీ ఒకే కోర్సులో నేర్పుతామన్న బోర్డు చూసే చేరాము.

అక్కడ మనస్ఫూర్తిగా మెచ్చుకోదగినది వాసన పట్టించే పాఠం. ఇంటివారిలో ఒకరు పెద్ద సిమెంటు తూములో దాక్కుంటారు. కుక్క గాలిని పసిగడుతూ వెతికి, అక్కడ నిలబడి మొరిగిన మరుక్షణమే దానికి బంతి ఇస్తారు. శిథిలాల సందుల్లోంచి పైకి వచ్చే మనిషి వాసన ఎక్కడ చిక్కగా ఉందో పట్టుకుని మొరగడమే రక్షణ జాగిలం పని కాబట్టి, దానిని ఆటగా అలవాటు చేయడం సరైన పద్ధతి. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపం వచ్చినప్పుడు జాతీయ విపత్తు ప్రతిస్పందన దళానికి చెందిన జూలీ ఒకచోట మొరిగితే, రోమియోను కూడా పంపి, అదీ అక్కడే మొరిగాక తవ్వి ఆరేళ్ల పాపను ప్రాణాలతో బయటకు తీశారు. రెండో కుక్కతో ఇలా సరిచూసుకోవడం మాత్రం ఈ కేంద్రంలో లేదు.

బోర్డు మీది మాటతో నేను ఏకీభవించలేను. 2025 మార్చిలో మన దోర్నాల మీదుగా వెళితే శ్రీశైలం అవతల వచ్చే దోమలపెంట దగ్గర, కూలిన సొరంగంలోకి కేరళ పోలీసులు తెచ్చిన మాయ, మర్ఫీ అనే జాగిలాలు మృతదేహాల వాసనకే ప్రత్యేకంగా తర్ఫీదు పొందినవి. అవి చూపిన చోటే ఒక మృతదేహం దొరికింది. 2023 సెప్టెంబరులో జమ్మూ కాశ్మీర్‌లోని రాజౌరీలో ఉగ్రవాదుల జాడ పడుతూ దళానికి ముందు నడిచి, తన హ్యాండ్లర్‌ను కాపాడుతూ ప్రాణం విడిచిన సైన్యపు జాగిలం కెంట్ కూడా లాబ్రడారే. ఆ సంగతి చదివిన రోజు మా కుక్క తల నిమురుతూ చాలాసేపు కూర్చున్నాను. బతికున్నవారిని వెతకడం, మృతులను గుర్తించడం, శత్రువు జాడ పట్టడం వేర్వేరు విద్యలు.

దాడి చేయడం నేర్పే పాఠాన్ని మేము వద్దన్నాము. పిల్లలున్న ఇంట్లో అది ప్రమాదం. పైగా కొత్త మనిషి దగ్గరకు నమ్మకంగా వెళ్లవలసిన కుక్కకు కరవడం నేర్పడం తగదు. చేర్చేటప్పుడే ఈ మాట చెప్పి, వాసన పాఠం కోసమే వెళ్లండి. ఎండాకాలంలో ఉదయం తరగతినే ఎంచుకోండి. సాయంత్రం నాలుగింటికి కూడా అక్కడి సిమెంటు నేల కుక్క పాదాలు కాలేంత వేడిగా ఉంటుంది.