మంచాన పడ్డ మనిషికి సర్కారు సాయం: చేతికి డబ్బా, ఇంటికి మనిషా? ఏది మేలు?

పక్షవాతంతో ఒక పక్క పడిపోయిన పెద్దాయన, మతిమరుపు ముదిరి రాత్రంతా లేచి తిరిగే ముసలమ్మ, ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని మంచానికే పరిమితమైన కుర్రాడు... ఇలాంటి ఇల్లు లేని ఊరు దాదాపు ఉండదు. వాళ్ళను చూసుకునేది చాలావరకు భార్యో, కోడలో, కూతురో. ఈ బరువులో ప్రభుత్వమూ భుజం పట్టాలని అడగడం న్యాయమే. కానీ ఏమని అడగాలి? నెలనెలా డబ్బు ఇమ్మనా, పని తెలిసిన మనిషిని ఇంటికి పంపమనా? రెండూ కావాలి, నిజమే. బడ్జెట్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ముందు దేనికోసం పట్టుబట్టాలో తేల్చుకోక తప్పదు.

ముందు డబ్బు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను 6,000 అయింది. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 5,000 ఉన్నది 15,000 చేశారు. తెలంగాణలో దివ్యాంగులకు ఇస్తున్నది 4,016. పదిహేను వేలంటే చిన్న మొత్తం కాదు. ఒకటో తారీఖున ఇంటికే వస్తుంది, దేనికి ఖర్చుపెట్టారని అడిగేవారు ఉండరు. డైపర్లకు, మందులకు, ఆసుపత్రికి ఆటోకు ఆదుకుంటుంది. ఈ పింఛను వచ్చాక అప్పు చేయడం మానేసిన ఇళ్ళు ఉన్నాయి. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను.

అయినా మూడు లోపాలు కనిపిస్తున్నాయి. వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్‌లో గీతకు అటు పడితే 15,000, ఇటు పడితే 6,000. చాకిరీ మాత్రం రెండిళ్ళలోనూ ఒకటే. రెండోది, పదిహేను వేలు చేతిలో ఉన్నా పల్లెలో ఈ పని తెలిసిన మనిషి దొరకడు. నగరంలో ఏజెన్సీ ద్వారా పగలంతా ఒకరిని పెట్టుకుంటే ఆ డబ్బు సాధారణంగా చాలదు. మూడోది నన్ను ఎక్కువగా బాధపెట్టేది. పింఛను రోగి పేరు మీద ఉంటుంది. ఆ మనిషి పోయిన నెల నుంచి అది ఆగిపోతుంది. పదేళ్ళు ఉద్యోగం వదులుకుని సేవ చేసిన కూతురికి చేతిలో ఏమీ మిగలదు. ఆమె పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

అసలు ఆ పని ఎలా ఉంటుందో ఒక్కసారి చూడండి. లేవలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రి రెండింటికి కూడా. మోకాలు కింద ఒక చెయ్యి, భుజం కింద ఒక చెయ్యి పెట్టి దొర్లించి, వీపు వెనక దిండు ఆనించి, నడుము కింద చర్మం ఎర్రబడిందేమో లైటు వేసి చూడాలి. ఎరుపు కనిపించి ఊరుకుంటే కొద్ది రోజుల్లో పుండు పడుతుంది. మూత్రం పైపు మడత పడకుండా చూడాలి. ముక్కు పైపులో గంజి పోసేటప్పుడు తల ఎత్తి ఉంచాలి, పోశాక కూడా కాసేపు అలాగే ఉంచాలి. వీటిలో సగం పనులు ఆసుపత్రి నుంచి డిశ్చార్జి రోజున ఎవరో హడావిడిగా చెప్పి పంపేవే. నేర్పేవారు లేరు, పక్కన నిలబడి సాయం పట్టేవారు లేరు. ఇక్కడ కావలసింది మనిషి.

ఈ చర్చ చాలాకాలం క్రితమే చేసిన దేశాలున్నాయి. జర్మనీలో 1995లో సంరక్షణ బీమా వచ్చింది. డబ్బు తీసుకుంటారా, సేవ తీసుకుంటారా అని కుటుంబాన్నే అడుగుతారు. రెండూ కలిపి తీసుకోవచ్చు కూడా. 2025 లెక్కల్లో మూడో స్థాయి అవసరం ఉన్నవారికి డబ్బయితే నెలకు 599 యూరోలు, సేవయితే 1,497 యూరోల విలువ దాకా. తేడా అంత ఉన్నా ఇంట్లో ఉండేవారిలో ఎక్కువమంది డబ్బే ఎంచుకుంటారు. అయితే జర్మనీలో నాకు నచ్చింది ఈ ఎంపిక ఒక్కటే కాదు. చూసుకునే మనిషి వారానికి కనీసం 10 గంటలు సేవ చేస్తూ కొన్ని షరతులకు లోబడితే, ఆ మనిషి పేరు మీద వృద్ధాప్య పింఛను వాటాను సంరక్షణ నిధే కడుతుంది. ఆ మనిషికి జబ్బు చేసినా, విశ్రాంతి కావాలన్నా ఏడాదికి 8 వారాల దాకా బదులు మనిషి ఖర్చులో సాయం అందుతుంది.

జపాన్ ఇలాంటి బీమాకే 1997లో చట్టం చేసి 2000 ఏప్రిల్ నుంచి అమలు చేసింది. అక్కడ కుటుంబం చేతికి డబ్బు ఇచ్చే పద్ధతి పెట్టలేదు. 40 ఏళ్ళు దాటిన ప్రతివారూ ప్రీమియం కడతారు, సేవ ఖర్చులో చాలామంది పదోవంతు భరిస్తారు. డబ్బు వద్దని గట్టిగా అడ్డుపడింది మహిళా సంఘాలే. హిగుచి కేయికో నడిపిన సంఘం అందులో ముందుంది. కుటుంబానికి డబ్బు ఇస్తే కోడలే ఇంకా గట్టిగా ఆ మంచానికి కట్టుబడిపోతుందన్నది వాళ్ళ వాదన. మన ఇళ్ళు తెలిసినవారికి ఈ మాట వివరించనక్కర్లేదు. అలాగని జపాన్‌లో కష్టాలు తీరలేదు. ఇంట్లోవాళ్ళను చూసుకోవడానికి ఏటా సుమారు లక్ష మంది ఇప్పటికీ ఉద్యోగం మానేస్తున్నారు. సేవ చేసే సిబ్బంది కొరతా తీవ్రంగా ఉంది.

జర్మనీ, జపాన్ మనకు దూరమనిపిస్తే కేరళ ఉంది. 1993లో కోళికోడ్‌లో మొదలైన పాలియేటివ్ సేవ, అంటే నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవ, 2008లో ప్రభుత్వ విధానమైంది. పంచాయతీ నిధులతో నర్సు ఇళ్ళకు వెళ్ళి పైపు మారుస్తుంది, పుండు కడుగుతుంది, ఇంట్లోవాళ్ళకు నేర్పిస్తుంది. అదే కేరళలో ఆశ్వాసకిరణం పథకం కింద చూసుకునే మనిషికి నెలకు 600 ఇస్తారు. ఆ డబ్బు నెలల తరబడి బకాయి పడింది. ఖజానా ఖాళీ అయినప్పుడు ముందు ఆగేది ఇలాంటి చిన్న మొత్తాలే. తెలంగాణలోనూ జిల్లా పాలియేటివ్ కేంద్రాల నుంచి ‘ఆలన’ వాహనాలు ఇళ్ళకు వెళ్తున్నాయి. బీజం పడింది, కానీ జిల్లాకొక బృందం ఎన్ని మంచాల దగ్గరకు వెళ్ళగలదు?

నా మాట: ఆంధ్రలో డబ్బు దారిలో చెప్పుకోదగ్గ అడుగు ఇప్పటికే పడింది. ఇక పోరాడాల్సింది మనిషి కోసం. మండలానికి ఒక ఇంటి సేవ బృందం, వారానికి ఒక పూటయినా చూసుకునే ఆమెకు బదులుగా కూర్చునే శిక్షణ పొందిన మనిషి. తెలంగాణలో రెండు పనులూ ఒకేసారి నడవాలి, ఎందుకంటే 4,016తో మంచం ఖర్చులు గట్టెక్కవు. మనిషి చేరని తండాల్లో, ఏజెన్సీ గూడేల్లో మాత్రం డబ్బే మేలు. సేవ వచ్చేదాకా అక్కడ పైసా తగ్గించకూడదు.

ఇంకొకటి అడగడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సాయం అవసరమైన వారికి సంరక్షకుల భత్యం అన్న మాట రాసే ఉంది. ఎమ్మెల్యేకు ఇచ్చే వినతిపత్రంలో, గ్రామసభ తీర్మానంలో ఆ సెక్షన్ నంబరు రాయండి. ఆ భత్యం చూసుకునే మనిషి సొంత ఖాతాలో పడాలని, రోగి పోయాక కనీసం ఆరు నెలలు కొనసాగాలని కూడా రాయండి.