ట్యాబ్లెట్‌లో పీసీ గేమ్‌లు: మొదటి పది నిమిషాలు చూసి మోసపోవద్దు

విండోస్ ట్యాబ్లెట్‌లో పీసీ గేమ్‌లు ఆడొచ్చా అంటే, ఆడొచ్చు. కాకపోతే గేమ్ పెట్టిన మొదటి పది నిమిషాల్లో తెర మూలన కనిపించే ఫ్రేమ్‌రేట్‌ను (సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తోందో చెప్పే అంకెను) మాత్రం నమ్మొద్దు. వీటిది అచ్చంగా ఆరంభశూరత్వం. యూట్యూబ్‌లో చాలామంది చూపించేది ఆ పది నిమిషాలే, మనం ఆడేది ఆ తర్వాతి గంట.

నేను చాలాకాలంగా వాడుతున్నది 13 అంగుళాల ట్యాబ్లెట్. లోపల ఇంటెల్ 11వ తరం కోర్ ఐ5 1135జీ7, అందులోనే కలిసి ఉండే ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్, 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, తర్వాత పెట్టుకుందామన్నా లోపల చోటు లేదు. కొన్నది ఆఫీసు పని కోసం. గేమ్‌లు మెల్లగా వచ్చి చేరాయి, ఇప్పుడు డిస్క్‌లో సగానికి పైగా వాటిదే.

2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5నే తీసుకుందాం. రిజల్యూషన్ 1080పీ (1920x1080 పిక్సెళ్లు), సెట్టింగ్స్ అన్నీ నార్మల్. మొదలెట్టగానే సెకనుకు 60కి కాస్త అటూ ఇటూగా ఫ్రేమ్‌లు వస్తాయి, కారు నున్నగా దూసుకుపోతుంది. చిప్ ఎన్ని వాట్లు లాగుతోందో చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోను పక్కన తెరిచి పెడితే అసలు సంగతి బయటపడుతుంది. మొదటి అర నిమిషం 25 వాట్లకు పైనే లాగుతుంది. తర్వాత 15 వాట్ల దగ్గర కుదురుకుంటుంది. ఇంకో పావుగంటకు వెనక పలక, ముఖ్యంగా కెమెరా వైపు, వేలు ఆనించి ఉంచలేనంత వేడెక్కుతుంది. అప్పుడు ఫర్మ్‌వేర్ (ట్యాబ్లెట్‌ను లోపలి నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్) ఇంకాస్త బిగించి 12 వాట్లకు దించుతుంది. గ్రాఫిక్స్ క్లాక్, అంటే అది పనిచేసే వేగం, 1300 మెగాహెర్ట్జ్ నుంచి 900 చుట్టుపక్కలకు పడిపోతుంది, ఫ్రేమ్‌లు 40కి వచ్చేస్తాయి. పడిపోవడం ఒక్కటే అయితే అలవాటు పడొచ్చు. కాస్త చల్లబడగానే పైకి లేవడం, మళ్లీ పడటం, ఈ ఊగిసలాటే కంటికి ఎక్కువ చిరాకు.

ల్యాప్‌టాప్‌లో వేడి కీబోర్డు కింద ఎక్కడో ఉంటుంది, అక్కడ మనం చెయ్యి పెట్టం. ట్యాబ్లెట్‌లో ప్రాసెసర్, బ్యాటరీ, ఫ్యాన్ అన్నీ తెర వెనకాలే. పైగా అది చేత్తో పట్టుకునే వస్తువు. అందుకని లోపలి చిప్ 100 డిగ్రీలకు చేరేదాకా ఆగకుండా, బయటి పలక వేడిని బట్టే వేగం తగ్గించేస్తుంది. గ్రాఫిక్స్ చాలడం లేదని మనం తిట్టుకుంటాం గానీ, సగం సందర్భాల్లో ఆ గ్రాఫిక్స్‌కు తన బలమంతా చూపించే అవకాశమే దొరకదు.

దీనికి నాకు బాగా పనికొచ్చిన చిట్కా వినడానికి తలకిందులుగా ఉంటుంది: ప్రాసెసర్ వేగం తగ్గించడం. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 శాతం నుంచి 99కి మార్చితే టర్బో, అంటే ప్రాసెసర్ తన మామూలు వేగాన్ని దాటి ఎగిరే సదుపాయం, ఆగిపోతుంది. 4.2 గిగాహెర్ట్జ్ దాకా ఎగిరే ప్రాసెసర్ 2.4 దగ్గరే ఉండిపోతుంది. ఆ 15 వాట్లను ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ పంచుకోవాలి కదా, ప్రాసెసర్ తన వాటా తగ్గించుకుంటే మిగిలింది గ్రాఫిక్స్‌కు పోతుంది. జీటీఏ 5లో ఇలా చేశాక గంట తర్వాత కూడా గ్రాఫిక్స్ క్లాక్ పెద్దగా పడలేదు, ఫ్యాన్ రొద కూడా తగ్గింది. కొన్ని ట్యాబ్లెట్లలో ఈ ఆప్షన్ దాచి ఉంచుతారు, విండోస్ తన లోపలి సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో చిన్న మార్పు చేసి బయటికి తెచ్చుకోవాలి. ఇది అన్ని గేమ్‌లకూ పనికిరాదు. సిటీస్ స్కైలైన్స్‌లో ఊరు పెరిగేకొద్దీ భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది, సివిలైజేషన్ 6లో చివరి దశలో కంప్యూటర్ వంతు ఎప్పటికీ తెమలదు. అలాంటివాటికి టర్బో ఉండాల్సిందే.

రెండోది ఫ్రేమ్‌లకు కళ్లెం వేయడం. 60 కోసం ఆశపడి 38కి, 55కి మధ్య ఊగే బదులు ఫ్రేమ్‌లకు హద్దు పెట్టే రివాట్యూనర్ అనే సాఫ్ట్‌వేర్‌తో 40 దగ్గరో 30 దగ్గరో కట్టేస్తే ఆట ఎంత నిలకడగా మారుతుందో ఆడితేనే తెలుస్తుంది. 30 అంటే ఒక్కో ఫ్రేమ్‌కు 33 మిల్లీసెకన్లు, 60 అంటే 16.7, 40 అంటే సరిగ్గా 25. అంటే వేచి ఉండే సమయం ప్రకారం చూస్తే 40 అనేది ఆ రెండింటికీ నట్టనడుమ ఉంటుంది. మీ తెర 120 హెర్ట్జ్‌ది (సెకనుకు 120 సార్లు రిఫ్రెష్ అయ్యేది) అయితే 40 దానికి చక్కగా సరిపోతుంది, ఒక్కో ఫ్రేమ్ మూడు రిఫ్రెష్‌ల పాటు నిలుస్తుంది. 60 హెర్ట్జ్ తెరైతే 30కే వెళ్లండి.

ఇక నా ట్యాబ్లెట్ తెర. 2880x1920 అంటే 55 లక్షల పిక్సెళ్లు. చదువుకోవడానికి, ఫొటోలకు అద్భుతం, గేమ్‌లకు మాత్రం పెద్ద తలనొప్పి. 720పీలో (1280x720) ఉండేవి 9.2 లక్షలే, అంటే తెర అసలు రిజల్యూషన్‌లో ఆడాలంటే సరిగ్గా ఆరు రెట్ల పని. పోనీ 720పీ పెడితే ఆ పిక్సెళ్లు తెర మీద సమంగా పరుచుకోవు, అక్షరాలు మసకగా కనిపిస్తాయి. గేమ్ ఒప్పుకుంటే 1440x960 పెట్టుకోవడం మేలు. అది తెరలో కచ్చితంగా నాలుగో వంతు కాబట్టి ఒక్కో పిక్సెల్ రెండుకి రెండు గళ్లుగా పరుచుకుంటుంది. 2019 నుంచి ఇంటెల్ తన కొత్త గ్రాఫిక్స్‌కు ఇచ్చిన ఇంటీజర్ స్కేలింగ్ దీనికే. పిక్సెల్ ఆర్ట్ గేమ్‌లలో గీతలు కత్తితో కోసినట్టు వస్తాయి. పెద్ద 3డీ గేమ్‌లకు మాత్రం, ఉంటే, తక్కువ రిజల్యూషన్‌లో గీసిన బొమ్మను తెరకు సరిపడా పెంచే ఎఫ్ఎస్ఆర్ వాడుకోవడం మంచిది. ఏఎండీ చేసిందే అయినా ఇంటెల్ గ్రాఫిక్స్ మీద కూడా నడుస్తుంది.

చాలామందికి తట్టని విషయం ఒకటుంది. గేమ్‌ను బోర్డర్‌లెస్ విండోలో (అంచుల్లేకుండా తెర నిండా పరుచుకునే విండోలో) పెడితే చాలా గేమ్‌లు డెస్క్‌టాప్ రిజల్యూషన్‌నే పట్టుకుంటాయి. మెనూలో రిజల్యూషన్ మార్చే ఆప్షన్ బూడిదరంగులో పడుకుని ఉంటుంది. ఫుల్‌స్క్రీన్ మోడ్‌కు మారండి, లేదా ముందే డెస్క్‌టాప్ రిజల్యూషన్ తగ్గించి గేమ్ తెరవండి. తెర 3:2 కొలత కావడం వల్ల కొన్ని గేమ్‌లు పైనా కిందా నల్లపట్టీలు చూపిస్తాయి. దాన్ని నేను పట్టించుకోను. పట్టీలున్నంత మేరా గీయాల్సిన పిక్సెళ్లు తగ్గినట్టే కదా.

ర్యామ్ గురించి ఒక మాట. ఇక్కడ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, మెయిన్ ర్యామ్‌లోంచే తీసుకుంటుంది. నా ట్యాబ్లెట్‌లోని ఎల్పీడీడీఆర్4ఎక్స్ ర్యామ్ గరిష్ఠంగా సెకనుకు 68 జీబీ అందిస్తుంది, అది కూడా ప్రాసెసర్‌తో పంచుకోవాలి. మామూలు గేమింగ్ కార్డు జీటీఎక్స్ 1650కి సొంత మెమరీ నుంచే సెకనుకు 128 జీబీ అందుతుంది. 8 జీబీ మోడల్ కొంటే విండోస్, బ్రౌజర్, గేమ్, గ్రాఫిక్స్ అన్నీ ఆ ఎనిమిదిలోనే సర్దుకోవాలి. ట్యాబ్లెట్లలో ర్యామ్‌ను బోర్డు మీదే టంకం వేసేస్తారు, తర్వాత పెంచుకోలేం. ఎక్కడైనా పొదుపు చేయండి గానీ ఇక్కడ వద్దు.

ఏ గేమ్‌లు బాగున్నాయంటే, హేడీస్, హాలో నైట్, సెలెస్ట్, స్టార్‌డ్యూ వ్యాలీ లాంటివి అసలు కష్టమే పెట్టవు. 60 ఫ్రేమ్‌లు కదలకుండా నిలుస్తాయి. స్టార్‌డ్యూ పెడితే ఫ్యాన్ తిరుగుతోందో లేదో కూడా తెలియదు. పోర్టల్ 2, స్కైరిమ్ లాంటి 2011 నాటి గేమ్‌లు ఇప్పుడు దీనికి హాయిగా సరిపోతాయి. విచర్ 3ని 720పీ, లో సెట్టింగ్స్‌లో 30కి కట్టేసి ఆడాను, బాగానే నడిచింది. 2022 డిసెంబరులో వచ్చిన పెద్ద అప్‌డేట్ తర్వాత మాత్రం గేమ్‌కు ముందు తెరుచుకునే లాంచర్‌లో డైరెక్ట్‌ఎక్స్ 11 (గేమ్ గ్రాఫిక్స్‌తో మాట్లాడే పాత పద్ధతి) ఎంచుకోవడం తప్పనిసరి అనుకోండి, 12లో పెడితే తడబడుతుంది. చేత్తో పట్టుకుని ఆడే గేమింగ్ పీసీ స్టీమ్ డెక్ కూడా దాదాపు 15 వాట్ల యంత్రమే కాబట్టి, దాని కోసం ఎవరైనా చెప్పిన సెట్టింగ్స్‌ను మొదటి అంచనాగా తీసుకుని, అక్కడి నుంచి ఒక మెట్టు తగ్గిస్తే చాలావరకు గురి కుదురుతుంది.

కొన్ని గేమ్‌లు ఆడగలిగేంతగా నడవవు, కొన్నైతే అసలు నడవనే నడవవు. 2023లో వచ్చిన అలన్ వేక్ 2 మెష్ షేడర్లను (3డీ ఆకారాలను గీసే కొత్త తరహా హార్డ్‌వేర్ సదుపాయాన్ని) దృష్టిలో పెట్టుకుని చేసింది, ఐరిస్ ఎక్స్‌ఈలో అవి లేవు. 2024 నాటి ఇండియానా జోన్స్ గేమ్‌కు హార్డ్‌వేర్ రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారిని లెక్కగట్టి గీసే సదుపాయం) ఉండి తీరాలి. సెట్టింగ్స్ ఎంత తగ్గించినా ఇలాంటివాటితో లాభం లేదు. కోర్ అల్ట్రా చిప్‌లలోని ఆర్క్ గ్రాఫిక్స్‌తో ఈ అడ్డంకి తొలగింది. వేడి సంగతి మాత్రం వాటిలోనూ పలక ఎంత పలచగా ఉందన్న దాన్ని బట్టే.

ట్యాబ్లెట్ కదా, వేలితో ఆడొచ్చు కదా అని నేనూ సంబరపడ్డాను. స్లే ది స్పైర్‌లో కార్డులు వేలితో లాగడం నిజంగా బాగుంటుంది, మౌస్ కంటే హాయి. 2010 నాటి సివిలైజేషన్ 5కు తర్వాత ప్రత్యేకంగా టచ్ మోడ్ ఇచ్చారు. అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. మౌస్ కోసం చేసిన గేమ్‌లో పాయింటర్‌ను ఊరికే ఒక బొమ్మ మీద ఆపితే వివరం కనిపిస్తుంది, వేలికి ఆ వీలుండదు, తాకడమో తాకకపోవడమో రెండే. ఇక్కడ పెన్ అక్కరకొస్తుంది. పెన్ మొనను తెరకు కాస్త ఎత్తులో పట్టుకుంటే పాయింటర్ కదులుతుంది, పక్క బటన్ రైట్ క్లిక్. నేను స్ట్రాటజీ గేమ్‌లన్నీ సోఫాలో కూర్చుని పెన్‌తోనే ఆడతాను. కంట్రోలర్‌తో ఆడేటప్పుడు ఇంకో చికాకు: సర్దుకోవడానికి ట్యాబ్లెట్ పట్టుకుంటే బొటనవేలు అంచు మీద జారి, బాస్ ఫైట్ మధ్యలో నోటిఫికేషన్ల పట్టీ వచ్చి కూర్చుంటుంది. డివైస్ మేనేజర్‌లో టచ్ స్క్రీన్‌ను డిసేబుల్ చేశాకే ప్రశాంతత.

అతికించే కీబోర్డుతో షూటర్లు ఆడటం నాకు నచ్చలేదు. వాలరెంట్ లాంటి తేలికైన గేమ్ గ్రాఫిక్స్‌కు సమస్యే కాదు, 30 ఫ్రేమ్‌లకు ఇంటెల్ హెచ్‌డీ 4000 చాలని దాని కనీస అవసరాల్లోనే ఉంది. కానీ మూడువేళ్లతో గట్టిగా నొక్కిన ప్రతిసారీ ఆ పలచటి కీబోర్డు ఊగుతుంటే గురి ఎక్కడ కుదురుతుంది? బల్ల మీద పెట్టి విడి కీబోర్డు, మౌస్ తగిలిస్తే సరే, అప్పుడిక అది ట్యాబ్లెట్ ఎందుకు?

ట్యాబ్లెట్‌ను నిలబెట్టే స్టాండ్‌కు వేడి విషయంలో మాత్రం పెద్ద ఉపయోగం ఉంది. ట్యాబ్లెట్‌ను నిలువుగా నిలబెట్టి ఆడితే వెనక గాలి ఆడుతుంది. అదే పరుపు మీదో దుప్పటి మీదో వాల్చితే ఇందాక చెప్పిన 12 వాట్ల స్థితి ఐదు నిమిషాల్లోనే వచ్చేస్తుంది. చిన్న యూఎస్‌బీ ఫ్యాన్‌ను వెనక పలక వైపు తిప్పి పెట్టడం చూడ్డానికి మోటుగా ఉంటుంది గానీ బాగా పనిచేస్తుంది.

డ్రైవర్ల దగ్గర తయారీదారు ఇచ్చే అప్‌డేట్ కోసం ఎదురుచూడక్కర్లేదు. 2020 నుంచి ఇంటెల్ తన మామూలు గ్రాఫిక్స్ డ్రైవర్‌ను ఇలాంటి పరికరాల మీద కూడా నేరుగా వేసుకోనిస్తోంది. ఒక గేమ్‌లో నేల మీద నల్ల మచ్చలు మెరుస్తుంటే డ్రైవర్ మార్చగానే పోయాయి. స్టోరేజ్ సంగతి వేరే చెప్పాలా? 256 జీబీలో పెద్ద గేమ్‌లు రెండు మూడు పడితే నిండిపోయినట్టే. బయటి ఎస్‌ఎస్‌డీ వాడుతున్నాను. మెమరీ కార్డు స్లాట్ ఉన్న ట్యాబ్లెట్లలో చిన్న గేమ్‌లను దాంట్లో వేసుకోవచ్చు, మామూలు యూహెచ్ఎస్-1 కార్డు గరిష్ఠ వేగమే సెకనుకు 104 ఎంబీ కాబట్టి పెద్దవాటికి లోడింగ్ మరీ సాగుతుంది.

బ్యాటరీ మీద పెద్ద 3డీ గేమ్ ఆడితే రెండు గంటలు రావడమే ఎక్కువ, స్టార్‌డ్యూ లాంటిదైతే దానికి రెట్టింపు దాకా లాగొచ్చు. ఛార్జర్ పెట్టి ఆడేటప్పుడు ఒకటి గమనించండి: 30 వాట్ల ఫోన్ ఛార్జర్ తగిలిస్తే ఛార్జింగ్ గుర్తు కనిపిస్తూనే శాతం తగ్గుతూ పోవచ్చు, ఎందుకంటే తెర, చిప్, తగిలించిన ఎస్‌ఎస్‌డీ అన్నీ కలిసి ఒక్కోసారి అంతకుమించి తాగేస్తాయి. 65 వాట్లది ఉంటే ఆ టెన్షన్ లేదు. అయితే ఛార్జింగ్ వేడి, గేమ్ వేడి రెండూ ఒకే పలక వెనక చేరతాయి, వాటి మధ్య నలిగేది బ్యాటరీ. విండోస్‌లోని పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో బ్యాటరీ రిపోర్ట్ తీసి చూస్తే కొన్నప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండుతున్న సామర్థ్యం పక్కపక్కనే కనిపిస్తాయి. నాది దాదాపు ఐదో వంతు తగ్గింది. అప్పటి నుంచి ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపేసే సెట్టింగ్ పెట్టి ఉంచాను, గేమ్ ముగిశాక పలక చల్లారేదాకా ఛార్జర్ తీసేసే ఉంచుతున్నాను.