ఆర్‌లో సీఎస్వీగా దాచిన చేపల లెక్కలు: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో దిగిన చేపల లెక్కలు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఎక్కించడం నా పని. ఏ బోటు ఎన్నాళ్లకు ఒడ్డుకొచ్చింది, వంజరం ఎన్ని కిలోలు, కానాగంతలు ఎన్ని కిలోలు, అన్నీ సాయంత్రానికి రైట్.సీఎస్వీ అనే ఆర్ ఫంక్షన్‌తో సీఎస్వీలోకి, అంటే విలువల మధ్య కామాలుండే టెక్స్ట్ ఫైలులోకి వెళ్లిపోతాయి. మొదటి ఏడాది ఫైలు మొన్న నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను. అక్షరం పోలేదు. నేను దీన్ని వదలకపోవడానికి ఆ ఒక్క కారణం చాలు.

మొదట్లో బాగా ఇబ్బంది పెట్టినవి వరుస నంబర్లు. ప్రత్యేకంగా వద్దని చెప్పకపోతే రైట్.సీఎస్వీ ప్రతి వరుస ముందూ దాని నంబరు కూడా రాసేస్తుంది. ఆ ఫైలు మళ్లీ చదివితే ‘ఎక్స్’ అనే కాలమ్ వచ్చి కూర్చుంటుంది. ఇంకోసారి సేవ్ చేసి చదివితే దాని పక్కన ‘ఎక్స్.1’. ఒక నెలాఖరు రిపోర్టులో ఆ నంబర్లు చేపల బరువుతో కలిసిపోయాయి. రాత్రంతా టెన్షనే. అప్పటి నుంచి రో.నేమ్స్ = ఫాల్స్ లేకుండా ఒక్క ఫైలూ రాయలేదు.

తెలుగు పేర్ల సంగతి వేరు. విండోస్‌లో ‘వంజరం’ అని సేవ్ చేస్తే ‘వ’ ఉండాల్సిన చోట యు+0సీ35 అనే కోడ్ పడేది. 2022లో ఆర్ 4.2.0 వచ్చి విండోస్ 10లోనూ అన్ని భాషల అక్షరాలనూ దాచగల యూటీఎఫ్-8 వాడటం మొదలెట్టాక ఆ బాధ తీరింది. ఎక్సెల్‌లో నేరుగా తెరిచేవాళ్లకు మాత్రం ఇప్పటికీ పిచ్చి గీతలే కనిపించొచ్చు. వాళ్లకు పంపే ఫైళ్లు రీడ్ఆర్ ప్యాకేజీలోని రైట్_ఎక్సెల్_సీఎస్వీతో రాస్తాను.

అసలు లోపం ఇంకోటుంది. సీఎస్వీ విలువలనే దాస్తుంది, అవి ఏ రకమో దాచదు. రేవు కోడ్ ‘01’ అని రాస్తే, చదివేటప్పుడు 1 అయిపోతుంది. కోట్స్‌లో ఉన్నా అంతే. ఏ కాలమ్ ఏ రకమో చెప్పే కోల్‌క్లాసెస్‌లో అది క్యారెక్టర్ (అంటే అక్షరాలు, అంకె కాదు) అని మనమే చెప్పాలి. తెప్ప, ఫైబర్ పడవ, మరబోటు అని చిన్నదాని నుంచి పెద్దదానికి నేను పెట్టుకున్న వరుస కూడా నిలవదు. అందుకే రకాలతో సహా దాచే సేవ్‌ఆర్‌డీఎస్‌తో, ఆర్ సొంత ఫార్మాట్ అయిన ఆర్‌డీఎస్‌లో ఇంకో కాపీ ఉంచుతాను. అది ఆర్‌లో తప్ప నోట్‌ప్యాడ్‌లో చదవడానికి పనికిరాదు, కాబట్టి సీఎస్వీకి బదులు కాదు.

పెద్ద ఫైళ్లకు డేటా.టేబుల్ ప్యాకేజీలోని ఎఫ్‌రైట్ చాలా వేగం. వరుస నంబర్ల గొడవ దానికి లేనే లేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. ఆ 61 రోజుల్లో పాత ఫైళ్లన్నీ ఒక్కొక్కటిగా చదివించి, ఆర్‌డీఎస్ కాపీలతో, రెండూ ఒకటేనా అని చెప్పే ఆల్.ఈక్వల్ పెట్టి సరిచూస్తాను. ఈసారి మొదట తెరవాల్సింది ఆ ‘ఎక్స్’ కాలమ్ ఉన్న ఏడాది ఫోల్డరే.