ఇళ్లకు సరిపోయింది, నీళ్లలో నీడకు చాల్లేదు: 24 రంగుల పెట్టెతో నాలుగేళ్లు

పాలకొల్లు వైపు కాలువ గట్టున ఇళ్లు చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఒకటి చిలకాకుపచ్చ, పక్కది గులాబీ, ఆ పక్కన పసుపు డాబాకి వంకాయరంగు పిట్టగోడ. వాటినీ, నీళ్లలో వాటి నీడల్నీ వేయాలనే ఈ నీటిరంగుల పెట్టె కొన్నాను. విద్యార్థుల కోసం చేసే రకం, బిళ్లల రూపంలో 24 రంగులు. నాలుగేళ్లలో బొమ్మలు రెండొందలు దాటాయి.

ఇళ్ల వరకు ఈ పెట్టె బంగారం. మన గోడల రంగులు ఎంత గాఢంగా ఉంటాయో ఈ బిళ్లలూ అంతే. చిలకాకుపచ్చకి ఏమీ కలపకుండానే కుంచె ముంచి వేసేయొచ్చు. తడి కుంచె తగలగానే రంగు కరుగుతుంది, గట్టు మీద నిలబడి గబగబా వేసేవాళ్లకి అది చాలా ముఖ్యం.

చిక్కంతా కింద సగంతోనే. మొదటి ఏడాది ఇంటికి వాడిన రంగులనే తలకిందులుగా నీళ్లలోనూ దించేవాణ్ని. ఒకరోజు ఎదుటి గట్టు మీద గులాబీ ఇల్లు వేస్తుంటే ఆ ఇంటావిడ వంతెన దాటి వచ్చి చూశారు. ‘‘బాగుంది బాబూ, కానీ మా వరండా కప్పుకి లోపల నీలం కొట్టించాం. నీళ్లలో కనబడుతోందిగా, వేయలేదేం?’’ అన్నారు. ‘‘ఇక్కణ్ణుంచి నాకు కప్పు కనబడట్లేదు పిన్నిగారూ’’ అంటూనే నీళ్లలోకి చూశాను. చూరు అడుగున సన్నటి నీలం గీత! గట్టు రోడ్డు మీద చూరు నా కంటి ఎత్తులో ఉంది, అందుకే లోపలి కప్పు నేరుగా కనబడదు. నీళ్లలో నీడ మాత్రం నీటికింద నుంచి పైకి చూసినట్టు ఉంటుంది. నీడ ఇంటికి నకలు కాదనీ, అదే ఇంటిని ఇంకోచోటి నుంచి చూడటమనీ నాకు అప్పుడే అర్థమైంది.

రంగు సంగతీ అంతే. తెల్లగోడ నీడ గోడకంటే ఓ మెట్టు ముదురు, నల్లటి కిటికీ నీడ కిటికీ కంటే తేలిక. ఆగస్టులో గోదారి ఎర్రనీరు కాలువల్లోకి దిగాక ఆ ముదురు చోట్లలోంచి ఒండ్రు రంగే బయటికొస్తుంది. కాళ్ల దగ్గర నీరు మట్టిరంగులో, దూరంగా అద్దంలా ఉండటానికీ కారణముంది. నిటారుగా కిందికి చూస్తే నీరు తిరిగి పంపే వెలుతురు నూటికి 2 పాళ్లే, చూపు ఏటవాలయ్యేకొద్దీ అది పెరుగుతుంది. ఇదంతా వేయాలంటే మంచి మట్టిరంగు కావాలి. పెట్టెలో ఉన్న గోధుమరంగులో నలుపు కలిసినట్టుంది, నీళ్లలో వేస్తే బురదైపోతోంది. చివరికి బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు ట్యూబు విడిగా కొన్నాను. దానికి పెట్టెలోని అల్ట్రామెరీన్ నీలం కలిపితే వరదనీటి నీడ చక్కగా కుదిరింది.

ఇంకో ఇబ్బంది, పెట్టెలోని ఆకుపచ్చ థాలో అనే గాఢమైన కృత్రిమ రంగు రకం. కాగితాన్ని పట్టుకుంటే వదలదు. పైరగాలికి నీటిమీద అడ్డంగా లేచే తెల్లటి చారలకి తడి కుంచెతో రంగు ఎత్తేద్దామంటే పచ్చ మరకే మిగిలింది. ఇప్పుడు పచ్చ ఇంటి నీడకి అల్ట్రామెరీన్, పసుపు కలుపుకుంటున్నాను. అది హాయిగా లేచి వస్తుంది.

నన్ను నిజంగా బాధపెట్టింది గులాబీ. పిన్నిగారికి ఇచ్చిన బొమ్మ వాళ్ల వరండాలో ఏడాది వేలాడేసరికి గులాబీ ఇల్లు వెలిసిపోయి గంధం రంగుకొచ్చింది. మెరిసే గులాబీల్లో చాలావాటికి ఎండ తట్టుకునే గుణం లేదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు (1897–1925) చిత్రశాలలో వందేళ్ల నాటి నీటిరంగుల ముందు నిలబడినప్పుడు ఆ బొమ్మే గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. ఎండకి తట్టుకునే క్వినాక్రిడోన్ రోజ్ అనే గులాబీ ట్యూబు కొని, ఆ ఇల్లు మళ్లీ వేసిచ్చాను. ట్యూబు మీద పీవీ19 (ఆ రంగుపొడి గుర్తు సంఖ్య) అని ఉందో లేదో చూసి కొనండి.

కాగితం గురించి ఒక్కమాట. డబ్బులు తక్కువుంటే రంగుల్లో తగ్గించండి, కాగితంలో వద్దు. మామూలు డ్రాయింగ్ పుస్తకంలో నీడ తడిమీద పరుచుకునేలోపే కాగితం ఆరిపోయి అంచులు కడుతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) పూర్తి కాటన్ కాగితం ఆ కాసేపు తడి పట్టి ఉంచుతుంది. అయితే మన గోదారి డెల్టా చెమ్మకి దాని మీది సైజింగ్, అంటే రంగు లోపలికి ఇంకకుండా ఆపే జిగురు, పోతుంది. రెండు వానాకాలాలు బయట ఉంచిన కట్టలో రంగు అద్దుడు కాగితం మీద సిరాలా ఇంకిపోయింది. ఇప్పుడు మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలు వేసి దాస్తున్నాను. రంగుల పెట్టె కూడా తడిగా మూసేయకండి, శ్రావణంలో బిళ్లల మీద బూజు పడుతుంది.

24 బిళ్లల్లో నేను అడుగంటేదాకా వాడినవి ఆరే. మళ్లీ కొంటే ఈ పెట్టె కొనను, ఆ ఆరూ, ఈ రెండు ట్యూబులూ విడివిడిగా తీసుకుంటాను. ఇళ్లు మాత్రమే వేస్తానంటే, నేర్చుకునే పిల్లలకైతే, ఇదే నిక్షేపంగా సరిపోతుంది. ప్రస్తుతం కాలువకి నీళ్లు కట్టేశారు, అడుగున బురదా గుర్రపుడెక్కా తప్ప ఏమీ లేదు. గులాబీ ఇంటి పై సగం వేసి ఉంచాను. నీళ్లు వదిలాక కింద సగం వేయాలి, ఈసారి నీలం గీతతో సహా.